ఒరెక్సీ అంటే చెయ్యి చాచడం

లిమసోల్, సైప్రస్
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

మురళి నమస్కరించి రాస్తున్నాను. నేను కులాసాగానే ఉన్నాను. మీరందరూ కులాసా అని వారం వారం ఫోనులో వింటున్నాను కాబట్టి ఆ ప్రశ్న కాగితం మీద మళ్ళీ అడగను. నీ మోకాలి సంగతి మాత్రం ఎప్పుడు అడిగినా బావగారి షుగరు మీదికి మాట మారుస్తావు. డాక్టరుకి చూపించావో లేదో తెలియజెయ్యి.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏంటని అనుకుంటావు. మన ఇంట్లో ఫోను హాల్లో, స్పీకరు పెట్టి ఉంటుంది. నేను ఏం మాట్లాడినా అమ్మ వింటుంది, లహరి వింటుంది, వచ్చిన చుట్టాలూ వింటారు. ఈ మాటలు ముందు నీకు ఒక్కదానికే చెప్పాలి. నాతో గదిలో ఉండే మస్తాన్ ఎల్లుండి సెలవు మీద బాపట్ల వస్తున్నాడు. రేపల్లె దాకా వచ్చి నీ చేతికే ఇస్తానన్నాడు. అతను తిరిగి వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి పంపించు. ఉత్తరానికి బరువుండదుగానీ మీ అక్క పచ్చడికే నా పెట్టె నిండుతుందని ఇప్పటినుంచే గొణుగుతున్నాడు. అతనికీ ఒక సీసా ఇవ్వు, ఊరుకుంటాడు.

ఇక్కడి పని నాకు కొత్త కాదు. రేపల్లెలో రొయ్యల చెరువు గట్టు మీద చేసిందే ఇక్కడ సముద్రంలో చేస్తున్నాను. తీరానికి దూరంగా గుండ్రటి పెద్ద వలలు నీళ్ళలోకి దించి, వాటిలో చేపలు పెంచుతారు. పొద్దున్నే పడవ మీద వెళ్ళి మేత చల్లుతాం. మేత పడగానే చేపలు పైకి వచ్చి, నీళ్ళు ఎసరు మరిగినట్టు మరుగుతాయి. ఆ మరగడం తగ్గేదాకా చల్లి ఆపేస్తాం. ఏదైనా వలలో నీళ్ళు మరగలేదంటే ఆ పూటకి మిగతా పనులన్నీ బంద్. మేనేజరు ఫోను చేస్తాడు, చేపల డాక్టరు పడవలో వస్తాడు. చేప చచ్చి తేలేదాకా ఎవరూ ఆగరు. మేత ముట్టకపోవడమే మొదటి కబురు.

మన చెరువుల్లోనూ అంతే. చెక్ ట్రే నీకు గుర్తుండే ఉంటుంది. గట్టు మీదికి వచ్చినప్పుడు, ఇదేంట్రా జల్లెడలా ఉంది అన్నావు. గుప్పెడు మేత వేసి తాడుతో నీళ్ళలోకి దించి, కాసేపాగి ఎత్తి చూసే వల పళ్ళెం అది. మేత మిగిలితే రొయ్యకి ఒంట్లో బాగాలేదని అర్థం. బాపట్లలో బీయస్సీ చదివి నేను చేసిన ఉద్యోగం, ఆ పళ్ళెం ఎత్తి చూడటం. చెరువులు మూతపడ్డాక ఇక్కడికి వచ్చాను. మూతపడకపోయినా వచ్చేవాడినేమో. సరళ పోయి, లహరి తల్లి లేని పిల్లయ్యాక ఆ తాడు పట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఎండలు బాగా ఉన్నాయి. చెమట పట్టదు, పెదాలు పగులుతాయి. వచ్చినప్పటినుంచి సరైన వాన చూడలేదు. సముద్రం నీలంగా, అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. సూర్యలంకలో సముద్రం మట్టిరంగులో ఉన్నా ఊళ్ళోకి వాసన వేస్తుంది. దీనికి వాసన లేదు. గదిలో మస్తాన్ వండుతాడు. బియ్యం దొరుకుతుంది, కందిపప్పు దొరుకుతుంది, మిరపకాయలకి మాత్రం కారం లేదు. అతను మాట్లాడుతూ ఉంటాడు, నేను వింటూ ఉంటాను. రోజులు గడుస్తున్నాయి.

మధ్యాహ్నం భోజనం రేవు దగ్గర క్యాంటీనులో. ఎలేని అని ఒక పెద్దావిడ నడుపుతుంది. అమ్మ కంటే కొంచెం చిన్నది. ఆవిడ భర్త రిటైరైన బడి పంతులు, తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఉంటాడు. మేమందరం ఒకే బల్ల దగ్గర తింటాం. మేనేజరు, పడవ నడిపేవాడు, నేను, మస్తాన్. ఎలేని గిన్నెలు బల్ల మధ్యలో పెట్టి, తనూ పళ్ళెం వేసుకుని మాతోపాటే కూర్చుంటుంది. మేం తిన్నాక తినడం అనేది లేదు. కూర్చోగానే "కలీ ఒరెక్సీ" అంటుంది. అందరూ అంటారు. తర్వాత తింటారు. అది దేవుడి ప్రార్థన అనుకుని నేనూ తల వంచేవాడిని.

నువ్వు ప్రతి ఫోనులో తిన్నావా అని అడుగుతావు, నేను తిన్నానంటాను. సరిగ్గా తినడం లేదని నువ్వు కనిపెట్టకపోయినా ఎలేని కనిపెట్టింది. ఈ మధ్య ఒకరోజు నా పళ్ళెం వైపు చూసి అడిగింది.

"ఏమైంది? ఒరెక్సీ లేదా?"

"అంటే?"

"రోజూ అంటున్నాంగా! నువ్వేమనుకున్నావు?"

"ప్రార్థన అనుకున్నాను."

బల్లంతా నవ్వింది. పంతులుగారు కుర్చీలోంచి, "మా ఆవిడ వంట తినేముందు ప్రార్థన కూడా అవసరమేలే" అన్నాడు. ఎలేని ఆయన మీదికి తువ్వాలు విసిరింది. తర్వాత ఆయన లేచి నా పక్కకి వచ్చాడు. పంతులుకి అర్థం చెప్పే అవకాశం వస్తే వదలడు కదా.

"కలీ అంటే మంచిది. ఒరెక్సీ అంటే తినాలనే కోరిక. మంచి ఆకలి కలగాలి అని దీవించడం. కాని కోరిక అంటే సరిపోదు. మా పాత భాషలో ఆ మాట పుట్టింది చెయ్యి చాచడంలోంచి. కావాల్సినదాని వైపు చెయ్యి ముందుకి పోతుందే, అదీ."

అలా అంటూ చెయ్యి చాచి నా పళ్ళెంలో రొట్టెముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"చెయ్యి పోకపోతే?" అన్నాను.

"పోకపోతే ముందు 'అన్' చేరుస్తాం. అనొరెక్సియా."

అక్కా, ఆ 'అన్' మనకి తెలిసిందే. అనారోగ్యంలో ఉన్నదీ, అనావృష్టిలో ఉన్నదీ అదే. మిగతా మాట కూడా మనం విన్నదే. తెనాలిలో విన్నాం, నువ్వు నా పక్కనే ఉన్నావు.

ఆ గది నీకు గుర్తుందా? సరళ బల్ల మీద కూర్చుంది. అమ్మ, నువ్వు, నేను గోడకి ఆనుకుని నిలబడ్డాం. డాక్టరు సరళ కడుపు నొక్కి చూసి, తల ఎత్తకుండా, "అనొరెక్సియా ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"అంటే ఏంటండి?" అన్నాను.

"ఆకలి లేకపోవడమండి. అది జబ్బు కాదు, లోపల జబ్బుందని ముందుగా వచ్చే కబురు. ఎప్పటినుంచి తినడం లేదు?"

"కార్తీకం నుంచండి," అంది అమ్మ. "సోమవారాలు పట్టింది. మా కోడలికి నిష్ఠ ఎక్కువండి."

"కార్తీకం ఏంటమ్మా, శ్రావణంలో శుక్రవారాలు పట్టలేదా?" అన్నావు నువ్వు.

"అవి సరే, శనివారాలు ఒక్కపొద్దు ఎప్పటినుంచో ఉందిగా."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "నేనడిగేది వారాలు కాదండి. ఆకలేస్తుంటే ఆపుకున్నారా, అసలు వేయడమే లేదా? రెండూ ఒకటి కాదు."

మనం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన సరళ వైపు చూశాడు.

"వేసి చాలా కాలమైందండి," అంది.

"మరి ఇంట్లో చెప్పలేదేంటమ్మా?"

"అందరూ మంచిదే అనుకుంటున్నారు కదండి."

ఆ తర్వాత సంగతులు నీకు తెలుసు. కడుపులో గడ్డ, ఆలస్యం, మిగతావన్నీ. అవి రాయను.

కాని ఆ ఒక్క వాక్యం గురించి రాస్తాను. మన ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. అందరూ మంచిదే అనుకుంటున్నారు. నిజమే, అనుకున్నాం. ఆకలి ఉన్నవాళ్ళు ఆపుకుంటే అది ఉపవాసం. ఆకలే లేని మనిషి తినకపోతే అందులో ఉపవాసం ఎక్కడుంది? మన ఇంట్లో ఆ తేడా అడిగినవాళ్ళు లేరు. కార్తీక సోమవారం చుక్క కనబడ్డాక కూడా, పాలు తాగానులెండి అని సరళ వంటింట్లోకి వెళ్ళిపోయేది. వీధిలో ఆడవాళ్ళు వచ్చి తాంబూలాలు ఇచ్చి, మహాతల్లివి అనేవాళ్ళు. అమ్మ అరుగు మీద కూర్చుని, మా కోడలు పచ్చి మంచినీళ్ళు ముట్టదు అని చెప్పుకునేది. చెప్పుకున్న ప్రతిసారీ ఆ పిల్లకి నిజం చెప్పే దారి ఇంకాస్త మూసుకుపోయింది.

కార్తీక పున్నమికి సూర్యలంక వెళ్ళాం, సముద్ర స్నానానికి. నువ్వు సరళ చెయ్యి పట్టుకుని దింపావు. అల వచ్చి వెళ్ళాక ఆమె మట్టిగాజులు లేవు. ఒక్కటీ పగల్లేదు. చేతి మీదుగా జారి వెళ్ళిపోయాయి. గాజులు వేసేటప్పుడు సబ్బు రాసి ఎక్కించుకున్న చెయ్యి అది. అమ్మ నీళ్ళకి దణ్ణం పెట్టి, "గంగమ్మ తీసుకుందే, శుభమే" అంది. నువ్వు నవ్వి, "ఎంత సన్నబడ్డావే, అదృష్టవంతురాలివి. నేను గాలి పీల్చినా లావవుతాను" అన్నావు. సరళ కూడా నవ్వింది. ఒడ్డున బజ్జీలు కొన్నాం. ఆమెకి ఇవ్వలేదు, పున్నమి కదా అని. మనం తింటుంటే సంచులు పట్టుకుని నిలబడింది.

తప్పు నీదని రాయడం లేదు. ఒకరి మీద వేస్తే నాకే తేలికగా ఉండేది. అలా వేయడానికి లేదు. అది మన ఇంటి పద్ధతి. ఆడవాళ్ళు అందరికీ పెట్టి, చివర్న, వంటింట్లో, ఎవరూ చూడకుండా తింటారు. తిన్నారో లేదో గిన్నెలకి తెలియాలి. ఒకసారి నేను, మాతోపాటు కూర్చుని తినరాదా అంటే సరళ ఏమందో నీకు గుర్తుందా? "రొయ్యలకి పెట్టినట్టు నాకూ ఒక చెక్ ట్రే పెట్టండి. రెండు గంటలకోసారి ఎత్తి చూసుకుందురుగాని" అంది. బావగారు పొలమారేలా నవ్వారు. అందరం నవ్వాం.

తెనాలి తీసుకెళ్ళేముందు అమ్మ లేహ్యం తెప్పించింది కదా, ఆ వైద్యుడి మీద కూడా నాకు కోపం లేదు. తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. కడుపులో వేడి తగ్గితే అగ్నిమాంద్యం. నాలుకకి ఏదీ రుచించకపోతే అరుచి, అరోచకం. అన్నం చూస్తేనే, వాసన తగిలితేనే కిట్టకపోతే అన్నద్వేషం. సరళ చివరి రోజుల్లో ఎసరు పొంగే వాసనకి పెరట్లోకి వెళ్ళిపోయేది. అంటే చివరి మెట్టు మీద ఉంది. మన పాతవాళ్ళకి ఇవన్నీ తెలుసు. దీనికి మన భాషలో పేర్లకి కొదవ లేదు. పేరు పెట్టాల్సిన చోట మనం భక్తి అని పెట్టాం.

ఆసుపత్రి వరండాలో ఆ ఇంగ్లీషు మాట ఫోనులో కొట్టి చూశాను. ఎముకలు తేలిన దొరల పిల్లల ఫొటోలు వచ్చాయి. లావవుతామన్న భయంతో తిండి మానేసే పిల్లలు. ఇది మనది కాదులే అని ఫోను జేబులో పెట్టేశాను. అక్కడ చదివిన ఒక ముక్క మాత్రం మొన్నటినుంచి బుర్రలో తిరుగుతోంది. ఆ పిల్లల జబ్బుకి కూడా ఈ పేరే తగిలించారుగాని, అది వాళ్ళకి సరిగ్గా అతకదట. చాలామందికి ఆకలి పోదు. ఉంటుంది. దాని గొంతు నొక్కి పెడతారు.

ఎందుకు తిరుగుతోందో ఇప్పుడు రాస్తాను. ఈ ఉత్తరం అసలు దీనికోసమే.

పోయిన వారం ఫోనులో అమ్మ ఏమందో విన్నావు. "నీ కూతురు అచ్చం వాళ్ళమ్మ పోలికే నాన్నా. శనివారం పచ్చి మంచినీళ్ళు ముట్టదు. ఇప్పుడు సోమవారాలు కూడా పట్టింది. పదిహేడేళ్ళ పిల్లకి ఎంత నిష్ఠ!" వెనకనుంచి నీ గొంతు, "సరళ కూడా ఇంతేరా, అడిగినా తినేది కాదు." మాటలు కూడా మారలేదు అక్కా. అవే మాటలు. వీడియోలో లహరి ఫోను ముందుకి వచ్చి నవ్వింది. మొహం చిక్కిపోయింది. సిగ్నలు పోయిందనుకుని నువ్వు పెట్టేశావు. సిగ్నలు ఉంది.

నిన్న శనివారం. పడవ ఎక్కేముందు నేనే లహరికి చేశాను. మీకు పొద్దెక్కింది, తను తెనాలి రైల్లో కాలేజీకి వెళ్తోంది. రైల్లో అయితే స్పీకరు ఉండదు.

"ఏం తిన్నావమ్మా?"

"శనివారం నాన్నా."

"శనివారమని నాకూ తెలుసు. ఆకలేస్తుందా?"

పట్టాల చప్పుడు వినిపించింది.

"ఎవరికీ చెప్పనులే. వేస్తుందా, లేదా?"

"వేస్తుంది నాన్నా."

"కొంచెమా?"

"చచ్చేంత. మధ్యాహ్నం మా ఫ్రెండు బాక్సు తీస్తే నేను బయటికి వెళ్ళిపోతా."

అక్కా, ఆ మాట విని నేను రేవు గట్టు మీద కూర్చుండిపోయాను. మస్తాన్ పడవలోంచి పిలుస్తున్నాడు. చేత్తో ఆగమన్నాను. ఆకలేస్తుందని ఒక పిల్ల చెప్పడం ఇంత మంచి కబురవుతుందని నాకు తెలియదు.

"మరి ఎందుకమ్మా మానడం? దేవుడికా?"

"కాదు."

"సన్నబడాలనా?"

"ఛ! నాన్నా, ఇంకెంత సన్నబడతా? అత్త లంగా నాకు గోనెసంచిలా ఉంది."

"మరి?"

గొంతు తగ్గించి చెప్పింది. "ఇంట్లో అమ్మ పేరు ఎవరూ ఎత్తరు నాన్నా. నేను ఎత్తితే నానమ్మ కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోతుంది. అత్త టీవీ పెడుతుంది. నువ్వేమో ఫోనులో క్లాసుల గురించే అడుగుతావు. నేను తినకపోతే మాత్రం అంటారు. వాళ్ళమ్మ పోలికే అని. ఆ రోజంతా అమ్మ గురించే మాట్లాడతారు. సరళ ఇలా చేసేది, సరళ అలా అనేది అని." ఆ వెంటనే, "వేమూరు వచ్చింది, మా ఫ్రెండు ఎక్కుతుంది, పెట్టేస్తా నాన్నా. నానమ్మకి చెప్పకు" అని పెట్టేసింది.

ఇదీ సంగతి. సరళకి చెయ్యి చాచాలని లేకుండా పోయింది. లహరికి ఉంది. చాస్తోంది కూడా. అన్నం వైపు కాదు. మనం వాళ్ళమ్మని తీసి దాచేసిన చోటుకి. అది అందాలంటే ఆకలి చంపుకోవాలని ఆ పిల్ల కనిపెట్టింది. మన ఇంట్లో ఇంకే దారీ లేదు మరి. ఆపుకోగా ఆపుకోగా ఆకలి నిజంగానే వేయకుండా పోతుందని కూడా నేను చదివాను. అందుకే నా తొందర. ఇంకోసారి ఆ తెనాలి గదిలో గోడకి ఆనుకుని నిలబడను. నువ్వూ నిలబడకు.

లహరి చెప్పొద్దంది, నేను నీకు చెప్పాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చి కూడా చెప్పాను. తనకి తెలిస్తే నామీద అలుగుతుంది. అలగనీ. కడుపు నిండినవాళ్ళు అలిగితే నాకు బెంగ లేదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది రాస్తాను. ముందు, మెచ్చుకోవడం ఆపు. తిట్టకు కూడా. శనివారం అత్తా అని తను అంటే, ఊఁ అని ఊరుకో. వంట మామూలుగా చెయ్యి. గిన్నెలు వంటింట్లో ఉంచకు, తెచ్చి మధ్యలో పెట్టు. నువ్వు, అమ్మ, లహరి, బావగారు ఒక్కసారే కూర్చోండి. ఎవరూ ఎవరికీ వడ్డించొద్దు. ఎవరికి కావాల్సింది వాళ్ళు చెయ్యి చాచి తీసుకోండి. ముందు నువ్వు మొదలుపెట్టు. అందరూ తిన్నాక తింటానని నువ్వు లేచావంటే లహరి నిన్ను చూసి అదే నేర్చుకుంటుంది. మోకాలి నొప్పితో కింద కూర్చోలేకపోతే బల్ల కొనండి.

తినేటప్పుడు సరళ గురించి మాట్లాడు. నిష్ఠ గురించి కాదు. ఆమెకి గారె గుండ్రంగా రాదని, చిల్లు పెట్టబోతే ఎప్పుడూ గుర్రపునాడాలా అయ్యేదని చెప్పు. సినిమాలో అందరూ ఏడుస్తుంటే ఆమెకి నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకునేదని చెప్పు. ఆమెకి ఆకలి ఉన్న రోజుల్లో పచ్చి మామిడికాయ ఉప్పూ కారంతో రోట్లో దంచుకుని, అందరికంటే ముందు తనే తిని కూర్చునేదని చెప్పు. అలాంటి సరళ కూడా ఉండేది. మనం మర్చిపోయాం. లహరికి అసలు తెలియదు. అమ్మ కళ్ళు తుడుచుకుంటే తుడుచుకోనివ్వు. లేచి వెళ్ళనివ్వకు.

అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించాలో లేదో నువ్వే చూసుకో. వినిపిస్తే నా మీద కోపం వస్తుంది. కోడలు పోతే తల్లి మీద వేస్తున్నాడంటుంది. అనుకోనివ్వు. ఆమె పెట్టిన భక్తి అనే పేరూ, ఆమె పొగడ్తా ప్రేమతోనే అని నాకు తెలుసు. తెలిసినందువల్ల చేదు తగ్గలేదు.

ఇన్ని చేసినా ఏదైనా ఒకరోజు లహరి, ఆకలి వేయడం లేదత్తా అంటే, ఆ మాట నిజంగా అంటే, లేహ్యం వద్దు, మొక్కు వద్దు. మర్నాడు పొద్దున రైలుకి తెనాలి తీసుకెళ్ళు. నాకు ఫోను చెయ్యి. స్పీకరు పెట్టి అయినా సరే.

నా సంగతి. నిన్న రాత్రి వండిన అన్నం నేను వదిలేస్తే మస్తాన్ పళ్ళెం ఎత్తి దీపం దగ్గర పట్టుకుని చూశాడు. "సారూ, చేపలు పైకి రాకపోతే పడవలో డాక్టర్ని పిలుస్తారు. నీకెవర్ని పిలవమంటావు?" అన్నాడు. ఇవాళ పొద్దున ఉప్మా చేశాడు. మాడింది. మొత్తం తిన్నాను. మాడిందని తెలిసేంత రుచి నాకింకా ఉందని అప్పుడు తెలిసింది.

అమ్మకి నా నమస్కారాలు. ఆవిడ దీవెన నాకు కావాలి. ఇంత రాశాక కూడా కావాలి. బావగారిని అడిగానని చెప్పు. ఎండలో తిరగొద్దని చెప్పు.

చివరగా ఒకటి. అటక మీద నా పెళ్ళి సామాను పెట్టెలో సరళ పళ్ళెం ఉంది. పెద్దకర్మ అయ్యాక అమ్మ తీసి అందులో పెట్టించింది, చూస్తే బెంగ అని. మీ అందరి పళ్ళేలకి పేరు అంచు మీద ఉంటుంది. దానికి మాత్రం కొట్టువాడు పొరపాటున మధ్యలో చెక్కాడు, చుక్కల అక్షరాలతో. నా పేరు మీద కూర పోసుకోవాలా అని సరళ వాడితో దెబ్బలాడింది, గుర్తుందా? అది దించి, చింతపండుతో తోమి లహరికి ఇవ్వు. వచ్చే ఆదివారం మీ మధ్యాహ్నం భోజనం వేళకి వీడియో కాల్ చేస్తాను. నేనూ పళ్ళెం పెట్టుకుని కూర్చుంటాను. ఫోను చెంబుకి ఆనించి పెట్టు. కెమెరా లహరి మొహం మీద పెట్టకు, మొహం నవ్వగలదు. పళ్ళెం మీద పెట్టు. నాదీ అలాగే పెడతాను. ఏం తిన్నావని నేను అడగను, నువ్వూ నన్ను అడగకు. అన్నం అయిపోయేసరికి అడుగున వాళ్ళమ్మ పేరు కనబడుతుంది. అది చూపించమను.

నీ తమ్ముడు
మురళి